బొగ్గు కోసం వచ్చాడు... కలివికోడిని చూశాడు!

మణుగూరు నుంచి అశ్వాపురం మీదుగా గోదారి ఒడ్డుకు వెళ్తే దుమ్ముగూడెం ఆనకట్ట కనిపిస్తుంది. ఇవతలి గట్టు అశ్వాపురం, అవతలి గట్టు దుమ్ముగూడెం. ఎండాకాలం నీళ్లు తీశాయంటే నది నడుమ బండలు వీపులు పైకి పెట్టి పడుకున్న బర్రెల్లా బయటపడతాయి. పడవల పాలిట గండమైన ఆ బండల వరసకి నూట యాభై ఏళ్ల కిందట తెల్లదొరల ఇంజినీర్లు ఓ పేరు పెట్టుకున్నారు... ‘మొదటి అడ్డు’ అని. ఎగువన ఇచ్ఛంపల్లి దగ్గర రెండోది, దాని పైన మూడోది. ఈ మూడు అడ్డుల్నీ దాటిస్తే నాగపూర్ వైపు పత్తి పడవల్లో సముద్రానికి దిగుతుందని ఆర్థర్ కాటన్ కల. ఆ కల కోసమే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు. 1871లో పనులు ఆగిపోయాయి. కల చెదిరింది, ఆనకట్ట మిగిలింది.

సరిగ్గా ఆ 1871లోనే, భారత భూగర్భ సర్వే సంస్థ పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. గోదావరి మొదటి అడ్డు పరిసరాల్లో, గోదావరికీ ఏలూరుకూ మధ్యనున్న ప్రాంతంలో కనిపించే ఇసుకరాళ్ల వర్ణన అది. రాసినాయన విలియం థామస్ బ్లాన్‌ఫోర్డ్. చదివితే ఆవులింతలు వచ్చే సరుకే. ఫలానా చోట రాయి ఎర్రగా ఉంది, ఫలానా వాగులో పొర ఇటు వాలింది... అంతా ఇదే. కానీ ఆ రాళ్ల లెక్కల వెనక ఉన్న ప్రశ్న ఒకటే. ఇక్కడ బొగ్గు ఉందా, లేదా?

ఇదే పెద్దమనిషి ఇరవై ఏడేళ్ల తర్వాత, 1898లో, ఇంకో పుస్తకం అచ్చు వేయించాడు. ఈసారి పిట్టల మీద. అందులో ఓ అరుదైన పక్షి గురించి రాస్తూ, తాను దాన్ని గోదావరి లోయలో సిరొంచ దగ్గర ఒకసారి, భద్రాచలం దగ్గర మరోసారి చూశానని చెప్పాడు. పలచటి అడవిలో, ఎత్తయిన పొదల్లో ఉంటుంది, బట్టబయట నేల మీద కనిపించదు, చిన్న చిన్న గుంపులుగా తిరుగుతుంది... దాని తీరు గురించి ఇంతే.

రాళ్ల మీద రాసిన పేజీల వెంట ఏం వచ్చిందో మణుగూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ పిట్ట మీద రాసిన రెండు ముక్కల వెంట మాత్రం గోదారి ఒడ్డున ఇంకొక్క ముక్క చేరలేదు.

బ్లాన్‌ఫోర్డ్ లండన్లో పుట్టాడు, 1832లో. గనుల చదువు చదివి 1855లో కలకత్తా దిగాడు. తమ్ముడు హెన్రీ కూడా ఆయనతోనే సర్వేలో చేరాడు. అన్నదమ్ములిద్దరికీ అప్పజెప్పిన మొదటి పని ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు నేలల్ని చూసి రావడం. అక్కడ మెత్తటి మట్టి పొరలో పెద్ద పెద్ద గుండ్రాళ్లు ఇరుక్కుని ఉండటం చూసి, ఇవి ఒకప్పుడు మంచు మోసుకొచ్చి పడేసినవి అన్నారు. ఒరిస్సాలో మంచేమిటని నవ్వుకున్నవాళ్లు ఉండే ఉంటారు. తర్వాత అదే నిజమైంది. అలా మొదలైన మనిషి పాతికేళ్లకు పైగా గుడారాల్లోనే బతికాడు. 1868లో సైన్యం వెంట అబిసీనియా వెళ్లాడు, 1872లో పర్షియా సరిహద్దుకు వెళ్లాడు. ఎక్కడికెళ్లినా రాళ్లతో పాటు పాముల్నీ, నత్తల్నీ, పక్షుల్నీ వెంట తెచ్చుకున్నాడు.

ఆ రోజుల్లో సర్వే ఉద్యోగం అలాంటిది. వానలు వెనకబడగానే బయల్దేరాలి, ఎండలు ముదిరేదాకా అడవుల్లో నడవాలి. ఎడ్లబండి మీద డేరా, వెంట దారి చూపే ఊరివాళ్లు. పగలంతా వాగుల వెంట సుత్తి పట్టుకుని తిరిగే మనిషికి పొద్దున్నా సాయంత్రం కనపడేవి పిట్టలే కదా. చూసిందల్లా పుస్తకంలో రాసుకోవడం, దొరికినదాన్ని కాల్చి చర్మం ఒలిచి దాచడం. అవును, కాల్చడమే! పంతొమ్మిదో శతాబ్దంలో పక్షి శాస్త్రం తుపాకీ గొట్టంలోంచే నడిచింది. ఇప్పటి కెమెరా బాబులు అది తల్చుకుని ముక్కు విరవొచ్చు గానీ, అప్పుడు ఒలిచిన చర్మాలే ఇప్పుడు డీఎన్ఏ పరీక్షలకు దిక్కయ్యాయి.

బ్లాన్‌ఫోర్డ్ నడిచిన నాటి ఈ ప్రాంతం పటంలో కూడా విచిత్రంగానే ఉండేది. నదికి ఇవతల పాల్వంచ సంస్థానం, నిజాం ఏలుబడి. అవతల భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మాత్రం 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లిషువాళ్లకు పోయాయి. వాటిని మధ్య పరగణాల్లో కలిపి, సిరొంచ ముఖ్య పట్టణంగా ‘ఎగువ గోదావరి జిల్లా’ అని పెట్టారు. 1874లో భద్రాచలం వైపు తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు అంటగట్టారు. సిరొంచ ఇప్పుడు మహారాష్ట్రలో, కాళేశ్వరానికి ఎదుటి గట్టున ఉంది. బ్లాన్‌ఫోర్డ్ పిట్టను చూశానని చెప్పిన రెండు ఊళ్లూ ఒకప్పుడు ఒకే జిల్లా అన్నమాట. ఆ పాత రాతలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోకపోతే అడుగడుగునా తికమకే.

ఇంతకీ ఏమిటా పిట్ట?

దాన్ని శాస్త్రం ముందుకు తెచ్చినవాడు ఇంకో దొర... థామస్ కావర్‌హిల్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు. కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. రోగుల నాడి ఎంత చూశాడో గానీ, చీమల దగ్గర్నుంచి చేపల దాకా దేన్నీ వదల్లేదు. అక్కడి యానాదుల నుంచి, వేటగాళ్ల నుంచి పక్షుల పేర్లు, తీరుతెన్నులు అడిగి తెలుసుకున్నాడు. నెల్లూరు, కడప కొండల దగ్గర దొరికిన ఓ పొడుగు కాళ్ల పిట్ట ఆయనకు కొత్తగా అనిపించింది. అడుగుకు కాస్త తక్కువ పొడవు, గోధుమరంగు వీపు, కంటి పైన తెల్లటి చార, రొమ్ము మీద పట్టెడల్లా రెండు పట్టీలు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ రెండు పట్టీల్ని బట్టే ‘బైటార్క్వాటస్’ అని పేరు. ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్. తెలుగులో కలివికోడి. కలివి పొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి, అంతకన్నా ఏం కావాలి!

అయితే జెర్డాన్ తన పుస్తకంలో ఎక్కించిన తెలుగు పేరు అది కాదు. ‘అడవ వుత తిత్తి’ అని చదువుకోవాల్సిన ఇంగ్లిషు అక్షరాలు రాశాడు. అడవిలో ఉత్త తిత్తి, అంటే ఖాళీ సంచి అని కొందరు దీనికి అర్థం చెబుతారు. పాపం ఆ పిట్టకి సంచి ఎక్కడిది! చెరువు గట్ల మీద మనిషి అలికిడికే కేకలు పెట్టే తీతువు అరుపు విన్నవాళ్లకి ఈ ‘తిత్తి’ ఎక్కడిదో ఇట్టే అందుతుంది. తీతువు లాంటి కాళ్లు, తీతువు లాంటి నడక, కానీ చెరువు దగ్గర కాదు, అడవిలో. ‘అడవి తీతువు’ అన్నట్టుగా ఎవరో యానాది చెప్పి ఉంటాడు, దొర చెవికి సగం ఎక్కింది, కలకత్తా అచ్చాఫీసు మిగతా సగం నమిలింది. తెలుగు పేరు అచ్చులో మిగలడమే గొప్ప అనుకోవాలి.

పేర్ల మాట వచ్చింది కాబట్టి బొమ్మల మాట కూడా. జెర్డాన్ 1843 నుంచి 1847 దాకా మద్రాసులో యాభై పక్షుల రంగుబొమ్మలతో ఓ పుస్తకం తెచ్చాడు. ఆ బొమ్మల వెనకున్న చేతులు మన చిత్రకారులవే. పుస్తకం మాత్రం జెర్డాన్ పేరుతో నిలిచింది. అప్పట్లో అదే రివాజు. దానికి ఎదురు నడిచినవాడు ఒకడున్నాడు... అదే మద్రాసులో మొక్కల మీద పనిచేసిన రాబర్ట్ వైట్. ఆయన దగ్గర బొమ్మలు వేసిన రంగయ్య, గోవిందు తెలుగువాళ్లు. వాళ్ల పేర్లు బొమ్మల పక్కనే అచ్చు వేయించాడు. అంతటితో ఊరుకోకుండా 1853లో ఓ ఆర్కిడ్ జాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. శాస్త్రజ్ఞులు తర్వాత దాన్ని వేరే జాతిలో కలిపేశారు, అది వేరే సంగతి. ఆ ఇద్దరి బొమ్మలూ ఎడింబరో బొటానిక్ గార్డెన్లోనూ, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనూ భద్రంగా ఉన్నాయి. కలివికోడికి మాత్రం అలాంటి గోవిందు దొరకలేదు. భద్రాచలం అడవిలో బ్లాన్‌ఫోర్డ్‌కి దారి చూపిన మనిషి పేరు కూడా ఆ 1898 నాటి పుస్తకంలో లేదు.

ఇక బొగ్గు సంగతి. బ్లాన్‌ఫోర్డ్ ఇసుకరాళ్ల వ్యాసం వచ్చిన ఆ ఒకటి రెండేళ్లలోనే ఆయన సహోద్యోగి విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. దగ్గర్లోని సింగరేణి అనే పల్లె పేరు ఆ గనులకు అంటుకుంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889కి బొగ్గు బయటకు వచ్చింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు పడింది. ఆ గనులు కొత్తగూడెం దాటి, గోదారి గట్టు పట్టుకుని మణుగూరు దాకా పాకాయి. బొగ్గు కోసం రైలు వచ్చింది. అశ్వాపురంలో భారజల కర్మాగారం వచ్చింది. 2020, 2022 మధ్య 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఒక్కో యూనిట్‌గా మొదలైంది. ఇప్పుడు రాత్రిపూట మణుగూరులో ఏ మిద్దె ఎక్కి చూసినా ఏదో ఒక దిక్కు ఆకాశం లైట్లతో తెల్లగా ఉంటుంది. ఓపెన్‌కాస్టుల్లోంచి తీసిన మట్టి కొండల పక్కన ఇంకో కొండల వరసలా నిలబడింది.

ఇందులో బ్లాన్‌ఫోర్డ్‌ని తప్పుపట్టడానికేమీ లేదు. ఆయన్ని పంపించింది రాళ్లు చూడమని, ఆయన రాళ్లు చూశాడు. వేల కుటుంబాలకు ఆ బొగ్గే అన్నం పెట్టింది. కానీ ఒక మనిషి చూసిన రెండు సంగతుల్లో ఒకదానికి కంపెనీలు, రైళ్లు, పట్టణాలు కదిలొచ్చి, రెండోదాన్ని చూడ్డానికి గోదారి వైపు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కావడమే కాస్త గుచ్చుకునే విషయం.

కలివికోడి కథ గోదారి దగ్గర ఆగిపోయి, పెన్నా వైపు నడిచింది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ దాన్ని చూశాడు. ఆ తర్వాత మాయం! 1929-30లో తూర్పు కనుమల్లో పక్షుల సర్వే చేసినవాళ్లు ప్రత్యేకంగా వెతికారు, దొరకలేదు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల లెక్క తీశాడు, ఆ లెక్కలో కలివికోడి లేదు. డెబ్భయ్యో దశకంలో మళ్లీ వెతికారు, మళ్లీ వట్టి చేతులే. అంతరించిపోయింది అని పుస్తకాల్లో రాసేసుకున్నారు.

దొరకకపోవడానికి కారణం తర్వాత తెలిసింది, తెలిశాక నవ్వూ వచ్చింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలంతా పొదల నీడలో కదలకుండా కూర్చుంటుంది. ఇన్నేళ్లూ అందరూ ఎండలో వెతికారు!

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చాడు. ఆయన చేతిలో ఉన్న ఆస్తి అల్లా పాత దొరల రాతలు, ఒక పక్షి బొమ్మ. ఊళ్లమ్మట తిరిగి, బొమ్మ చూపించి, పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పక్షి వాళ్లకు పాత చుట్టమే. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె అడవిలో ఓ స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి ఇచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత! కబురు తెలిసి సలీం అలీ తొంభైకి దగ్గర పడుతున్న వయసులో బయల్దేరి వచ్చాడు. ఆ పక్షి మాత్రం బతకలేదు. రెండేళ్లకు అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది.

తర్వాత వెతుకులాట తీరే మారిపోయింది. పిట్టను వెతకడం మానేసి, అడుగుల్ని వెతికారు. పొదల మధ్య మెత్తటి మట్టిని ముగ్గు పట్టీల్లా పరిచి, తెల్లారి వచ్చి దాని మీద పడ్డ మూడు వేళ్ల గుర్తులు కొలిచారు. ఆటోమేటిక్ కెమెరాలు కట్టారు. రాత్రి దాని కూతను రికార్డు చేశారు. ‘క్విక్కూ... క్విక్కూ...’ అని రెండు మాత్రల కూత. ఇవన్నీ చేస్తుండగానే 2005లో తెలుగుగంగ కాలువ పనులకోసం ఆ పొదల్లోకి యంత్రాలు దిగాయి. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి కాలువ దారే మార్చాల్సి వచ్చింది. అడుగు పొడవైనా లేని పిట్ట కాలువను పక్కకు జరిపింది! 2009 తర్వాత చాలా ఏళ్లు దాని జాడ లేకపోతే, ఈసారి నిజంగానే పోయిందన్నారు. 2025లో పక్షి ప్రేమికుల బృందం ఒకటి కడప ప్రాంతంలో దాని కూతను మళ్లీ రికార్డు చేసింది.

ఈ లోపల స్కాట్లాండులో ఇంకో చిత్రం జరిగింది. ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలు సర్దుతుంటే ఓ గుడ్డు దగ్గర జెర్డాన్స్ కోర్సర్ అనే పేరు కనిపించింది. ప్రపంచంలో ఎవరూ చూడని గుడ్డు అది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఓ పశువైద్యుడు సేకరించినది. నమ్మొచ్చా? పెంకు లోపలి నుంచి తీసిన డీఎన్ఏని మ్యూజియంలో ఉన్న పాత పక్షి చర్మంతో పోల్చి చూశారు. నిజమే! 2013లో ఆ సంగతి బయటపెట్టారు. అంటే తొంభై ఆరేళ్లు ఆ గుడ్డు సొరుగులో, పేరు రాసి ఉండీ, ఎవరూ చదవక అలా ఉండిపోయింది. పైగా ఆ చీటీ వల్ల కలివికోడి కర్ణాటక వైపు కూడా ఉండేదని తేలింది. బొగ్గు గనుల దారిలో ఒక ఆనవాలు, బంగారు గనుల పక్కన ఒక ఆనవాలు.

మరి భద్రాచలం ఆనవాలు సంగతేమిటి? బ్లాన్‌ఫోర్డ్ మాట గాలి కబురు కాదు. ఆయన పక్షుల్ని పొరబడే మనిషి కాదు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం మీద వచ్చిన ఆ మహా గ్రంథమాలకు సంపాదకుడే ఆయన. 1905లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. పైగా ఆయన చెప్పిన చోటు గుర్తులు కడపలో దొరికిన చోటుకు అచ్చంగా సరిపోయాయి. మరీ చిక్కని అడవీ కాదు, మరీ మైదానమూ కాదు, మధ్యస్థంగా ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ జాగాలు. గోదారి గట్ల వెంట అలాంటి నేలలకి ఒక దురదృష్టం ఉంది. పెద్ద చెట్లున్న చోటును అందరూ అడవి అంటారు, కాపాడాలంటారు. తుప్పలున్న చోటు ఎవరికైనా బీడే. పోడు కొడితే ముందు అదే పోతుంది, జామాయిల్ తోట వేసినా అక్కడే వేస్తారు, మట్టి పోయాలన్నా అదే కనిపిస్తుంది. కలివికోడికి కావాల్సింది సరిగ్గా ఆ ‘పనికిరాని’ నేలే.

బ్లాన్‌ఫోర్డ్ రాతలూ, జెర్డాన్ యాభై బొమ్మలూ ఇప్పుడు కలకత్తా, లండన్ అలమార్లలో మాత్రమే లేవు. స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మణుగూరులో ఏ కాలేజీ కుర్రాడైనా తన ఫోన్లోనే 1898 నాటి ఆ పేజీ తెరిచి భద్రాచలం పేరు చదవొచ్చు. కూత రికార్డింగు కూడా వినొచ్చు. అది విన్నాక చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. కలివికోడి కూసేది రాత్రంతా కాదు. పొద్దుగూకి, బాగా చీకటి పడ్డాక, కొద్దిసేపు మాత్రమే కూస్తుంది. ఆ కాసేపూ లైట్లకూ లారీల మోతకూ దూరంగా, తుప్పల పక్కన చప్పుడు చేయకుండా నిలబడే మనిషి కావాలి. అడవిలో రాత్రిళ్లు తిరిగే కోయలకి, పశువుల్ని తోలుకొచ్చే పిల్లలకి ఆ కూత వినిపించి, ఇదెప్పుడైనా విన్నారా అని అడిగే మనిషి కూడా కావాలి. కడపలో పని చేసింది ఆ ప్రశ్నే.